ఔత్సాహికుని సంవత్సరము: 1956

మన దేశములో సైకిలు నెరిగిన ఇండ్లకు ‘హెర్క్యులిస్’ అను పేరు కొత్త కాదు. తపాలా జవాను మొదలు పాలవాని వరకు, బడిపంతులు మొదలు కాలేజి విద్యార్థి వరకు ఎందరో ఆ పేరు గల బండిమీద తిరిగినవారే. ఆ పేరు గ్రీకు పురాణములలోని ఒక మహాబలునిది. పన్నెండు దుస్సాధ్య కార్యములను సాధించినవాడని అతనికి ప్రతీతి. ఇటలీ దేశీయులు ఆ వీరుని ‘ఎర్కొలె’ అని పిలుతురు. 1933 జనవరి 26వ తేదీన, ఉత్తర ఇటలీలోని ఫోర్లి పట్టణమునకు చేరువగా నున్న విల్లనోవా గ్రామములో, ఒక రైతు కుటుంబమున పుట్టిన మగశిశువునకు తల్లిదండ్రులు ఆ పేరే పెట్టినారు. ఆ శిశువు పెరిగి పెద్దవాడై, సైకిలు మీదనే ఆ పేరును సార్థకము చేసికొనుట చరిత్రలో ఒక చిత్రము.

అతని పూర్తి పేరు ఎర్కొలె బాల్దీని. 1956వ సంవత్సరమున అతనికి 23 ఏండ్లు. ఆ ఒక్క ఏటిలో అతడు మూడు శిఖరముల నెక్కినాడు. ఔత్సాహికుల ప్రపంచ పోటీలలో ‘పర్‌స్యూట్’ పందెమును గెలిచినాడు. ఒక గంటలో అత్యధిక దూరము తొక్కిన మానవుడుగా ప్రపంచ రికార్డు స్థాపించినాడు. మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలలో రోడ్డు పందెమున స్వర్ణపతకము నందుకొన్నాడు. ఈ మూడును మూడు విభిన్నమైన పరీక్షలు. వీటిని గెలిచిననాటికి అతడు ఔత్సాహికుడు, అనగా అమెచ్యూరు. సైకిలు తొక్కి జీతము పుచ్చుకొను వృత్తి ఆటగాడు కాడు. ఇంతటి సంవత్సరము ఒక యువకునికి ఎట్లు లభించినది, అందులకు అతడు దేనిని పెట్టుబడిగా పెట్టినాడు అను విషయమును విచారింతము.

ముందుగా ‘ఔత్సాహికుడు’ అను మాటను గురించి కొంత చెప్పవలెను. పందొమ్మిదవ శతాబ్దపు ఇంగ్లండులో ఈ మాటకు కులీనుల గర్వపు వాసన ఉండేది. 1879లో హెన్లీ పడవ పందెముల నిర్వాహకులు చేసిన నిర్వచనము ప్రకారము చేతిపనివాడు, యంత్రపు పనివాడు, కూలివాడు ఔత్సాహికులుగా పరిగణింపబడరు. అనగా, పొట్టకొరకు కాయకష్టము చేయువానికి వినోదముగా ఆడు హక్కు కూడ లేకుండెను. సైకిలు పందెముల లోకములో ఈ అడ్డుగోడ నిలువలేదు. ఫ్రాన్సు, బెల్జియము, ఇటలీ దేశములలో ఈ పందెములను పోషించినవారు రైతులు, కార్మికులు, చిన్న వర్తకులు. అక్కడ ఔత్సాహిక దశ శ్రీమంతుల విలాసము కాదు. పేదవాని కుమారుడు వృత్తి ఆటగాడుగా మారుటకు ముందు ఎక్కవలసిన మెట్టు. ఆ మెట్టు మీద నిలిచియున్నంత కాలము అతడు ప్రపంచ ఔత్సాహిక పోటీలకు, ఒలింపిక్ క్రీడలకు అర్హుడు. జీతపు ఒడంబడిక మీద సంతకము చేసిన మరుక్షణము ఆ తలుపులు మూసికొనిపోవును. 1952 మొదలు ఇరువదేండ్లు అంతర్జాతీయ ఒలింపిక్ సంఘమునకు అధ్యక్షుడుగా నుండిన ఎవరీ బ్రండేజ్ ఈ నియమము విషయములో అతి కఠినుడు.

ఇక బాల్దీని పుట్టిన సీమ. క్రీస్తుపూర్వము 187లో రోమను కాన్సలు ఎమీలియస్ లెపిదస్ వేయించిన రాచబాట ఫోర్లి పట్టణము నడుమనుండి పోవును. దాదాపు సరళరేఖవలె సాగు ఆ బాటకు ఒకవైపు గోధుమచేలు, ద్రాక్షతోటలు, పండ్లతోటలు గల మైదానము. మరొకవైపు అపెనైన్ కొండల పాదములు. చలికాలమున ఆ మైదానమును దట్టమైన పొగమంచు కప్పివేయును. సైకిలు పందెగానికి ఇంతకంటె మంచి పాఠశాల ఉండదు. తిన్నని బాట సమవేగమును నేర్పును, కొండదారి ఊపిరిని పరీక్షించును, చలిగాలి ఓర్పును నేర్పును.

ఆ కాలపు పందెగాండ్ర సాధన నేటి ప్రయోగశాలల సాధన వంటిది కాదు. గుండె కొట్టుకొను వేగమును క్షణక్షణము చూపు పరికరములు లేవు. యూరపులో పందెముల ఋతువు మార్చి మొదలు అక్టోబరు వరకు. చలికాలము చివరినుండి రోడ్డు మీద దీర్ఘదూరములు తొక్కి శరీరమును మేలుకొలుపుట మొదటి పని. అందుకై ఎందరో ఫ్రీవీలు లేని సైకిలును వాడెడివారు. దాని చక్రము తిరిగినంతసేపు పెడలు తిరుగుచునే ఉండును. దిగుడులోనైనను కాళ్లకు విశ్రాంతి లేదు. ఈ అభ్యాసము వలన తొక్కుడులో కుదుపు పోయి, కవ్వము తిరిగినట్లు నున్నని లయ పుట్టును. తరువాత వారమువారము పందెములు. ఒక ఆదివారము ఓడినవాడు మరుసటి ఆదివారమునకు తన లోపమును తానే వెదకికొనవలెను. ఆ రోజులలో పందెములే ప్రధానమైన సాధన అని చెప్పినను తప్పులేదు.

ఈ పద్ధతి ఎంత ఫలించినదో తెలిసికొనుటకు బాల్దీని విషయములో ఒక కొలబద్ద లభించుచున్నది. 1954లో, 21 ఏండ్ల వయసున, మిలాను నగరములోని విగొరెల్లి ప్రాంగణములో అతడు గంటకు 44.870 కిలోమీటర్లు తొక్కి ఔత్సాహికుల ప్రపంచ రికార్డు స్థాపించినాడు. రెండేండ్ల తరువాత అదే ప్రాంగణములో అతడు తొక్కిన దూరము 46.394 కిలోమీటర్లు. తేడా కిలోమీటరున్నర. వినుటకు ఇది స్వల్పముగా తోచును. కాని గాలి చేయు ప్రతిఘటనను గుర్తుంచుకొనవలెను. వేగము పెరిగినకొలది దానిని నిలుపుటకు కావలసిన బలము వేగపు ఘనముననుసరించి పెరుగును. ఆ లెక్కన ఈ కిలోమీటరున్నర కొరకు గంటసేపు దాదాపు పదింట ఒక వంతు అదనపు బలము నెడతెగక వెచ్చింపవలెను. రెండేండ్ల తెల్లవారుజాములు, మంచుదారులు, ఓడిన ఆదివారములు అన్నియు ఆ పదింట ఒక వంతులో ఇమిడియున్నవి.

1956 వేసవి చివర డెన్మార్కు రాజధాని కోపెన్‌హేగన్‌లో ట్రాక్ ప్రపంచ పోటీలు జరిగినవి. పర్‌స్యూట్ పందెములో ఇద్దరు పందెగాండ్రు ఎదురెదురు అంచులనుండి ఒకే క్షణమున బయలుదేరుదురు. ఒకరినొకరు తరుముకొందురు. రెండవవానిని పట్టుకొన్నవాడు, లేదా ముందుగా దూరము పూర్తి చేసినవాడు విజేత. ఔత్సాహికులకు నాడు దూరము 4,000 మీటర్లు, అనగా అయిదు నిమిషముల పని. ప్రత్యర్థి కంటి ఎదుట కనిపించుచుండును గాని అతని చాటున దాగుటకు వీలులేదు. ఎవరి గాలిని వారే చీల్చుకొనవలెను. బాల్దీని ఈ పోటీలో ప్రపంచ విజేత అయినాడు. అయిదు నిమిషముల పరీక్షలో నెగ్గినవాడు, కొద్ది వారములకే అరువది నిమిషముల పరీక్షకు సిద్ధపడినాడు.

గంట రికార్డు సైకిలు చరిత్రలో అతి పవిత్రముగా భావింపబడునట్టిది. 1893లో పారిసులో హెన్రీ దెగ్రాంజ్ అనునతడు గంటకు 35.325 కిలోమీటర్లు తొక్కి దానికి శ్రీకారము చుట్టినాడు. పదేండ్ల తరువాత ‘ఫ్రాన్సు చుట్టు పందెము’ను స్థాపించినవాడును ఈయనయే. 1942 నవంబరు 7వ తేదీన, యుద్ధము మధ్య, బాంబుదాడుల భయము నడుమ, ఇటలీ మహావీరుడు ఫౌస్తో కొప్పి విగొరెల్లిలో ఆ దూరమును 45.798 కిలోమీటర్లకు పెంచినాడు. కొన్ని నెలలకే అతడు ట్యునీసియాలో బ్రిటిషు సేనకు బందీ అయినాడు. అతని రికార్డు మాత్రము పదమూడేండ్లకు పైగా చెక్కు చెదరక నిలిచినది. 1956 జూన్ 29న ఫ్రాన్సు యువకుడు జాక్ ఆంక్తిల్ అదే విగొరెల్లిలో 46.159 కిలోమీటర్లు తొక్కి దానిని దాటినాడు. ఆంక్తిల్ అప్పటికే పేరుపొందిన వృత్తి ఆటగాడు. కొప్పి రికార్డు పరదేశీయుని పాలగుట, అదియు స్వదేశపు గడ్డమీదనే జరుగుట, ఇటలీ ప్రజలకు మనసున గుచ్చుకొన్న ముల్లయి ఉండవలెను.

విగొరెల్లి 1935లో తెరచిన ప్రాంగణము. యుద్ధకాలమున దెబ్బతిని, తరువాత పునరుద్ధరింపబడినది. దాని కొయ్యబాట నున్నదనమునకు ప్రసిద్ధి. ఒక చుట్టు 397 మీటర్ల చిల్లర. మూలలందు బాట గోడవలె వాలి ఉండును. ఆ బాట మీదికి 1956 సెప్టెంబరు 19వ తేదీన బాల్దీని ఒంటరిగా ప్రవేశించినాడు. బ్రేకులు లేని, ఫ్రీవీలు లేని, ఒకే గేరు గల సైకిలు. ఎదుట ప్రత్యర్థి లేడు. వెనుక తరుమువాడు లేడు. ఉన్నది గడియారము ఒక్కటే.

ఈ పరీక్షలోని క్రౌర్యము దాని సమత్వములో నున్నది. గంటలో సుమారు 117 చుట్లు. ఒక్కొక్క చుట్టుకు 31 సెకండ్లకు లోపు. మొదటి పది నిమిషములలో ఉత్సాహపడి రెండు సెకండ్లు తొందరపడినవాడు చివరి ఇరువది నిమిషములలో దానికి చక్రవడ్డీ చెల్లింపవలెను. భయపడి వెనుకబడినవాడు పోగొట్టుకొన్న మీటర్లను మరల సంపాదింపలేడు. నడుమ ఆగి నీరు త్రాగుట లేదు, నిలువుగా లేచి నడుమునకు విశ్రాంతినిచ్చుట లేదు. బాల్దీని ఆంక్తిల్‌ను మించిన దూరము 235 మీటర్లు. లెక్కించి చూచినచో చుట్టుకు రెండు మీటర్లు, అనగా సైకిలు పొడవునకు కొంచెము మించిన దూరము. 117 మారులు ఆ రెండేసి మీటర్లను కూడబెట్టినవాడు లోకములోని వృత్తి ఆటగాండ్రందరి కంటె అధికుడుగా నిలిచినాడు. ఆంక్తిల్ రికార్డు నిలిచినది 82 దినములే. జీతము లేని యువకుడు జీతగాండ్ర రికార్డును పట్టుకొనిపోయినాడు. ‘ఫోర్లి రైలుబండి’ అని అతనికి ప్రజలు పెట్టిన ముద్దుపేరు ఎంత తగినదో ఈ లెక్కలే చెప్పుచున్నవి. రైలుబండి గొప్పతనము ఉరుకులో లేదు. పట్టాలెక్కిన తరువాత మారని వేగములో నున్నది.

ఆ సాయంకాలము మొదలు అతని జీవితములో మరియొక పరీక్ష ఆరంభమైనది. దీనిని క్రీడాగ్రంథములు అంతగా పట్టించుకొనవు. రికార్డు పుచ్చుకొన్న పందెగానికి సైకిలు కంపెనీల ఒడంబడికలు సులభముగా లభించు కాలమది. రైతు కుటుంబమునకు అది చిన్న విషయము కాదు. కాని సంతకము చేసినచో మెల్‌బోర్న్ లేదు. సెప్టెంబరు 19కి, ఒలింపిక్ రోడ్డు పందెము జరిగిన డిసెంబరు 7కి మధ్య 79 దినములున్నవి. ఆ మధ్యకాలములో జ్వరము రావచ్చును, కాలు విరుగవచ్చును, మెల్‌బోర్న్‌లో ఒక మేకు గుచ్చుకొని ట్యూబు పగులవచ్చును. చేతికందిన ఫలమును కొమ్మననే ఉంచి, దూరదేశపు పతకము కొరకు వేచియుండుట సామాన్యమైన ధైర్యము కాదు. బాల్దీని వేచియున్నాడు. యూరపులో పందెముల ఋతువు ముగిసి, తోటివారు విశ్రమించు నెలలలో అతడు కాళ్ల బలమును నిలుపుకొనవలసి వచ్చినది. దక్షిణార్ధగోళములో మొట్టమొదటిసారి జరిగిన ఆ ఒలింపిక్ క్రీడలకు డిసెంబరు నెల వేసవికాలము.

పందెము మెల్‌బోర్న్ శివారులోని బ్రాడ్‌మెడోస్ వద్ద జరిగినది. 17 చుట్లు, మొత్తము 187.73 కిలోమీటర్లు. జాబితాలో పేరు లేని ఐర్లండు పందెగాండ్రు కొందరు తమ దేశపు సంఘముల తగవును లోకమునకు చాటుటకై బరిలో ప్రవేశించుటచే ఆరంభము కొంత ఆలస్యమైనది. రోడ్డు పందెపు తీరు గంట పరీక్షకు పూర్తిగా భిన్నము. మన రోడ్ల మీద ఎదురుగాలిలో పోవు సైకిలువాడు బస్సు చాటునకు చేరి సుఖపడుట చూచుచునే యున్నాము. పందెగాండ్రును అట్లే ఒకరి వెనుక ఒకరు దాగి, మూడవ వంతు వరకు బలమును మిగుల్చుకొందురు. గుంపును వీడి ముందునకు పోవువాడు ఆ సౌకర్యమును వదలుకొని, వెనుకనున్న అందరి బలముతో ఒంటరిగా తలపడవలెను. సామాన్యునకు అది సాహసము. గంటసేపు ఒంటరిగా గాలిని చీల్చుట నేర్చినవానికి అది అలవాటైన పని. విగొరెల్లి సాధన బ్రాడ్‌మెడోస్‌లో అక్కరకు వచ్చినది.

పందెపు చివరి భాగమున బాల్దీని గుంపును విడిచినాడు. అతనిని మరల ఎవరును పట్టుకొనలేదు. 5 గంటల 21 నిమిషముల 17 సెకండ్లలో గమ్యము చేరినాడు. ఫ్రాన్సుకు చెందిన ఆర్నో జేర్, బ్రిటనుకు చెందిన ఆలన్ జాక్సన్ దాదాపు రెండు నిమిషముల తరువాత వచ్చి రజత, కాంస్య పతకములు పొందినారు. ఒలింపిక్ ఫిలిము తీయు వాహనము బాల్దీనికి గాలి చాటు కల్పించినదని ఫ్రెంచివారు, బ్రిటిషువారు ఫిర్యాదు చేసినారు. నిర్వాహకులు దానిని త్రోసిపుచ్చినారు. జట్టు బహుమతి ఫ్రాన్సునకు దక్కినది.

విజయ వేదిక వద్ద జరిగినదని ఇటలీలో నేటికిని చెప్పుకొను ఒక ముచ్చట కలదు. విజేత దేశపు జాతీయగీతమును లౌడుస్పీకరులో వినిపింపవలసియుండగా ఆ రికార్డు పలుకలేదట. యుద్ధానంతరము పనికొరకు ఇటలీని విడిచి మెల్‌బోర్న్ చేరిన కార్మికులు ఆనాటి ప్రేక్షకులలో ఎందరో ఉన్నారు. వారు తమంత తామే గొంతెత్తి ఆ గీతమును పాడినారు. యంత్రము మూగపోయిన చోట మనుష్యకంఠము పలికినది. రేడియోను ప్రేమించువారు ఈ సంఘటనను మరువరాదు. పరదేశములో చెమటోడ్చువారికి తమ పల్లెకు చెందిన రైతుబిడ్డ విజయము ఎంత ఊరట కల్పించి ఉండునో ఊహింపవచ్చును.

అదే దినమున, అదే నగరములో, మన దేశపు ఫుట్‌బాల్ జట్టు కాంస్య పతకము కొరకు బల్గేరియాతో తలపడి 3–0 తేడాతో ఓడిపోయి నాలుగవ స్థానమున నిలిచినది. ఆ జట్టును తీర్చిదిద్దినవారు హైదరాబాదు వాస్తవ్యులు సయ్యద్ అబ్దుల్ రహీమ్‌గారు. వృత్తిచేత ఆయన ఉపాధ్యాయులు. సికిందరాబాదు ప్రాంతపు యువకుడు తులసీదాస్ బలరామ్ ఆ జట్టులో నుండినాడు. ఆంధ్రప్రదేశ్ అవతరించి నాటికి అయిదు వారములు మాత్రమే అయినది. మన ఆటగాండ్రును ఔత్సాహికులే. పగలు కొలువు, ఉదయ సాయంకాలములు ఆట. ఇటలీలో ఔత్సాహిక దశను దాటిన యువకునికి వృత్తి అను రెండవ మెట్టు సిద్ధముగా నుండెను. మన ఫుట్‌బాల్ ఆటగానికి నాడు ఆ మెట్టు లేదు. మెల్‌బోర్న్‌లో నాలుగవ స్థానము భారత ఫుట్‌బాల్ ఒలింపిక్ చరిత్రలో అత్యున్నతముగా మిగిలిపోయినది. ఇందుకు కారణములు పెక్కులుండవచ్చును. ఉత్సాహమును వృత్తిగా మార్చుకొను దారి ఇరుకైనదగుట అందులో ఒకటి.

బాల్దీని తరువాతి కథ క్లుప్తముగా చెప్పవచ్చును. 1957లో వృత్తి ఆటగాడుగా ‘ఇటలీ చుట్టు పందెము’లో మూడవవాడుగా వచ్చినాడు. ఆ ఏడే బెర్గమో ప్రాంతపు బరాక్కి జంట పందెమును తన చిన్ననాటి ఆరాధ్యుడగు ఫౌస్తో కొప్పితో జతకట్టి గెలిచినాడు. 1957 సెప్టెంబరు 18న ఫ్రాన్సు పందెగాడు రొజె రివియేర్ విగొరెల్లిలో 46.923 కిలోమీటర్లు తొక్కుటతో గంట రికార్డు చేజారినది. ఏడాది నిండుటకు ఒక్క దినము తక్కువ. 1958లో బాల్దీని ఇటలీ చుట్టు పందెమును, ఫ్రాన్సులోని రాన్స్ వద్ద జరిగిన ప్రపంచ రోడ్డు పందెమును గెలిచినాడు. ఆ తరువాత ఆ ఎత్తునకు మరల ఎక్కలేదు. 1964లో పందెములనుండి విరమించినాడు. 2022 డిసెంబరు 1వ తేదీన, 89 ఏండ్ల వయసున కన్నుమూసినాడు. ఒలింపిక్ రోడ్డు పందెము, ప్రపంచ రోడ్డు పందెము, ఒక మహా దేశయాత్రా పందెము ఈ మూడింటిని గెలిచిన పురుషుడు చిరకాలము అతడొక్కడే. 2024లో పారిసు ఒలింపిక్ పందెమును గెలిచి బెల్జియము యువకుడు రెమ్కో ఎవెనెపూల్ అతని సరసన చేరినాడు.

ఈ మధ్యకాలములో నియమములును మారినవి. 1996 అట్లాంటా క్రీడలలో ఒలింపిక్ సైకిలు పందెములు వృత్తి ఆటగాండ్రకు తెరువబడినవి. జీతము పుచ్చుకొనుట దోషమను భావము తొలగిపోయినది. ఇది న్యాయమే. ఆటకు జీవితమును ధారపోయువానికి తిండి పెట్టని నియమము, పైకి ఎంత పవిత్రముగా కనిపించినను, కలిగినవారికే అనుకూలము. అయినను పాత నియమపు నీడలో జీవించిన ఆ యువకుని 79 దినములు మనలను ఆలోచింపజేయును. సొమ్మును నిరాకరించుటచే అతడు గొప్పవాడు కాలేదు; మరుసటి ఏడు దానిని స్వీకరించినాడు, స్వీకరింపవలసినదే. ఏ పనికి ఏది సమయమో తెలిసికొని, ఆ సమయము వచ్చువరకు వేగము తగ్గింపక, తొందరపడక నిలిచినాడు. కొయ్యబాట మీద చుట్టునకు రెండు మీటర్ల చొప్పున కూడబెట్టిన గుణమును, సంతకము చేయక వేచియున్న గుణమును వేరువేరు కావు. అతని 1956వ సంవత్సరమంతయు ఆ ఒక్క గుణముననే నడచినది.